ఇంట్లో అందరం కలిసి వీడియో చూసి మాట్లాడుకుంటాం, కానీ రాజకీయాల దగ్గర గొడవైపోతోంది. మీరెలా చూస్తారు?

సీతమ్మధార నాన్న

అందరికీ నమస్కారం. మాది విశాఖ. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఒక యూట్యూబ్ వీడియో పెట్టుకుని, అది అయ్యాక కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం ఆరు నెలల నుంచి మా ఇంట్లో అలవాటైంది. వంతులవారీగా పెడతాం. నా వంతు వస్తే సంగీతం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, దాని వంతుకి సైన్సు. మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, ఆయన పెట్టేవన్నీ యుద్ధాలు, ఆంక్షలు, ఏ దేశం ఏ దేశంతో చేతులు కలిపింది అనేవే. మా ఆవిడ వంతు తీసుకోదు కానీ అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆవిడే.

మొన్న నాన్నగారు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునక మీద ఒక వీడియో పెట్టారు. 1971 డిసెంబర్‌లో మన తీరం దగ్గరే మునిగింది కదా. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ళ లోతున పేలే బాంబులు, వేసి ముంచేసిందని ఆ వీడియోలో చెప్పారు. అయ్యాక మా అమ్మాయి ఫోన్‌లో ఇంకో వీడియో తీసి "తాతా, ఇందులో దానంతట అదే లోపల పేలిపోయిందంటున్నారు" అంది. దాని ఉద్దేశం ఏమీ లేదు, కనిపించింది చెప్పింది. నాన్నగారు మాత్రం "అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, వన్ టౌన్‌లో మా ఇంట్లో పడుకుని ఆ పేలుడు ఈ చెవులతో విన్నాను, నువ్వు నాకు ఫోన్ చూపిస్తావా" అని లేచి వెళ్ళిపోయారు. గ్లాసులో పాలు అలాగే ఉండిపోయాయి. మూడు రోజులు హాల్లోకి వచ్చి కూర్చోలేదు. పిల్ల ఏడ్చింది. నాకు ఇద్దరి వైపూ న్యాయం కనిపిస్తోంది, అందుకే ఎవరికీ ఏమీ చెప్పలేకపోతున్నాను.

ఇంకొకటి. నా వంతులోనూ ఒక చిక్కు ఉంది. 440 హెర్ట్జ్ సంగీతం మనిషికి మంచిది కాదు, 432 ప్రకృతి శ్రుతి, అది వింటే రోగాలు తగ్గుతాయి అని ఒక వీడియో. మా ఆవిడ రోజూ రాత్రి అవే పెట్టుకుని నిద్రపోతోంది. అందులో నిజమెంతో నాకు తేలడం లేదు. ఇలాంటివి ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గాజువాక కుర్రాడు

అన్నా, నా మాట వింటే రాజకీయాల వీడియోలు ఇంట్లో పెట్టొద్దు. మా బాబాయి, మా నాన్న ఉక్రెయిన్ మీద వీడియో చూసి వాదించుకుని సంక్రాంతికి కూడా మాట్లాడుకోలేదు. పాటలు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

మృదంగం_ఎంవీపీ

పైన తమ్ముడు చెప్పింది నేను ఒప్పుకోను, కానీ దాని గురించి వేరేవాళ్ళు రాస్తారు. నేను 432 గురించి చెప్తాను, ఎందుకంటే ఇది నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు నెలకి ఒకసారైనా అడిగే ప్రశ్న.

హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలు అని. సెకను అనేది మనిషి పెట్టుకున్న కొలత. రేపు సెకనుని కాస్త పొడుగు చేస్తే అదే శబ్దానికి వేరే అంకె వస్తుంది, శబ్దం మాత్రం మారదు. అలాంటప్పుడు 432 అనే అంకెలో ప్రకృతి రహస్యం ఎక్కడ దాగుంటుంది? 440 కూడా దేవుడిచ్చింది కాదు, పాశ్చాత్య సంగీతంలో వాద్యాలన్నీ శ్రుతి కలుపుకునే 'ఏ' స్వరానికి మనుషులు పెట్టుకున్న అంకె. ఫ్రాన్సు 1859లో చట్టం చేసి 435 పెట్టుకుంది. 1939లో లండన్‌లో సమావేశమై 440 అనుకున్నారు, తర్వాత అంతర్జాతీయ ప్రమాణం అయింది. నలుగురు కలిసి వాయించాలంటే ఒక అంకె దగ్గర ఒప్పందం కావాలి, అంతే సంగతి.

మన సంగీతానికైతే ఆ గొడవే లేదు. గొంతుని బట్టి శ్రుతి. శ్రుతిపెట్టె అంకెల్లో చెప్పాలంటే మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర పెట్టుకుంటారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర. ఒకే కీర్తన ఒకరు ఒకటిలో, ఇంకొకరు ఐదులో పాడితే షడ్జమం ఒకటిన్నర రెట్లు మారిపోతుంది. 440 నుంచి 432కి తేడా ఎంతో తెలుసా? ఒక అరస్వరం దిగాలంటే 415 దాకా రావాలి, 432 అందులో మూడో వంతు దూరం కూడా సరిగ్గా లేదు. ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ ఉంటే దాన్ని అంత మేర దించి, మీ ఆవిడకి చెప్పకుండా రెండూ వినిపించండి, ఏది ఏదో చెప్పమనండి. పదిసార్లు చేయండి, ఒక కాగితం మీద రాసుకోండి. ఆవిడకి ఆ పాటలతో నిద్ర పడుతుంటే పడనివ్వండి, మెల్లగా సాగే పాట వింటే ఎవరికైనా నిద్ర పడుతుంది. దాన్ని ఆపమనడం నా ఉద్దేశం కాదు. మందులు మానేసి ఆ వీడియోలు వింటానంటే మాత్రం అడ్డుపడండి.

మీ అమ్మాయి ఎంపీసీ అన్నారు కాబట్టి సంగీతమూ సైన్సూ కలిసే విషయం ఒకటి చెప్తాను, ఒక ఆదివారం దీనికి ఇవ్వండి. మామూలు చర్మం బిగించి కొడితే, మన డప్పు ఉంది చూడండి, అందులో స్వరం ఇదీ అని పట్టుకోలేం. చర్మం మోగేటప్పుడు వచ్చే పైశబ్దాలు మూలశబ్దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఇలా ఒకదానితో ఒకటి పొసగని లెక్కలో ఉంటాయి. మృదంగం కుడివైపు మధ్యలో నల్లగా కరణ వేస్తారు. ఆ బరువు మధ్యలో ఉండటం వల్ల ఆ లెక్క సర్దుకుని 1, 2, 3, 4, 5 రెట్లకు దగ్గరగా వస్తుంది, తీగ మోగినట్టు. అందుకే మృదంగాన్ని శ్రుతి చేయగలుగుతాం. దీని మీద సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో రాశారు. ఆయన చదువుకున్నది ఎక్కడనుకున్నారు? మన ఊళ్ళోనే. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్, ఈయన సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు.

నేను పిల్లలకి ఎలా చూపిస్తానంటే, ఉంగరం వేలు కరణ అంచు దగ్గర ఊరికే ఆనించి, చూపుడువేలితో చివర మీటు, అంటే అంచు చర్మం, మీద కొడితే 'నం' అని శుభ్రమైన స్వరం పలుకుతుంది. ఆ వేలు కాస్త బరువుగా నొక్కారో, శబ్దం చచ్చిపోతుంది. వేలు ఆనించిన చోట చర్మం కదలదు, మిగతా చోట్ల కదులుతుంది, ఏ కంపనం మిగలాలో ఆ వేలే నిర్ణయిస్తుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు వారం తిప్పలు పడి ఆ 'నం' మొదటిసారి పలికించినప్పుడు వాడి మొహం చూడాలి. వీడియోలు ఎన్ని చూసినా ఆ వేలి బరువు ఎంతుండాలో తెలియదండి. వీడియో ఆపి చేతికి పని చెప్పాలి. మీరు ఎప్పుడైనా మా వైపు వస్తే పాపని తీసుకురండి, నేనే చూపిస్తాను.

ఫిజిక్స్ మేడమ్

మాస్టారు చెప్పింది బాగుంది. కానీ అన్నిటినీ ఇంట్లో చేసి చూడలేం కదా. మరి అలాంటప్పుడు ఏం చేయాలి? నేను మా క్లాసులో అంకెలు వేయిస్తాను.

సైన్సుని రాజకీయంతో కలిపి వండే వీడియోలు ఉంటాయి, అవి అన్నిటికంటే ప్రమాదం. ఉదాహరణకి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒక్క పూటలో చెట్లు లేని ఊరు చూశాం. అలాంటి తుఫానులని పరాయి దేశాలు యంత్రాలతో పుట్టించి మన మీదకి పంపుతున్నాయని, అలాస్కాలో హార్ప్ అనే కేంద్రం ఉందని, పెద్ద గొంతుతో చెప్పే వీడియో మా స్టాఫ్‌రూమ్‌కే వచ్చింది. హార్ప్ నిజంగా ఉంది, రేడియో తరంగాలతో వాతావరణం పైపొరలని పరిశీలించే కేంద్రం అది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 3.6 మెగావాట్లు. మన పరవాడ సింహాద్రి పవర్ ప్లాంట్ 2000 మెగావాట్లు, అంటే దానికి ఐదు వందల రెట్ల పైమాటే. ఇక సగటు తుఫాను వాన కురిపించేటప్పుడు విడుదలయ్యే వేడి, ప్రపంచం మొత్తం విద్యుత్ ఉత్పత్తి సామర్థ్యానికి ఎన్నో రెట్లని అమెరికా వాతావరణ శాస్త్రవేత్తల లెక్క. 3.6ని దాని పక్కన పెట్టి మీ అమ్మాయినే చెప్పమనండి.

తుఫానుకి ఆ శక్తి సముద్రం ఇస్తుంది. నీరు 26, 27 డిగ్రీలు దాటి వేడెక్కి ఉండాలి, బంగాళాఖాతంలో అక్టోబర్, నవంబర్ నెలల్లో ఉండేది అదే. ఈ వీడియో పిల్లలతో చూసినప్పుడు నేను "అబద్ధం" అని ముందే అనలేదు. "వీళ్ళు చెప్పిన యంత్రం ఎన్ని మెగావాట్లో వెతకండి" అన్నాను. పది నిమిషాల్లో వాళ్ళే తేల్చారు. ఇలా తేల్చుకున్నది వాళ్ళు మర్చిపోరు, ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మానాన్నలకి కూడా చెప్పారు.

రొయ్యల డాక్యుమెంటేషన్

నేను రొయ్యల ఎగుమతి కంపెనీలో పేపర్లు చూసే పని చేస్తాను, పోర్టు వ్యవహారం కాబట్టి నాన్నగారికి నా భాష అర్థమవుతుంది.

గాజువాక తమ్ముడు రాజకీయాలు వద్దన్నాడు. మా ఆఫీసులో అలా కుదరదు తమ్ముడూ. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు మొదలుపెట్టారు, ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా వెళ్ళడం మొదలుపెట్టాయి. మాకు తేడా ఏమిటంటే పది రోజులు, రెండు వారాలు అదనం. రొయ్యల కంటెయినర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, అన్ని రోజులూ కరెంటు అందుతూనే ఉండాలి, కిరాయి పెరుగుతుంది, డబ్బు ఆలస్యంగా వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం ముందు 25, నెల తిరక్కుండా 50 శాతం చేసింది. ఆ వారం భీమవరం వైపు నుంచి రైతులు ఫోన్లు చేసి అడిగిన మొదటి మాట "100 కౌంట్ ఎంత పలుకుతుందండీ" అని, అంటే కిలోకి వంద తూగే రొయ్య ధర. వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెడితే ఇక్కడ చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషికి నిద్ర పట్టలేదు. ఇక ప్రపంచ రాజకీయం మనది కాదని ఎలా అంటాం?

కానీ వీడియోలు చూసే పద్ధతి మార్చుకున్నాను. నేను మొదట చూసేది తేదీ. మా వాట్సాప్ గ్రూపులో ఒకసారి ఎర్ర సముద్రంలో ఓడ అడ్డం తిరిగి దారి మూసుకుపోయింది అని వీడియో వచ్చింది, పావుగంటలో నలుగురు రైతులు ఫోన్ చేశారు. నేను ఆపి చూస్తే ఆకుపచ్చ ఓడ, పక్కన తెల్ల అక్షరాలతో ఎవర్‌గ్రీన్ అని పెద్దగా. అది 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఇరుక్కుని 29న బయటపడ్డ ఎవర్ గివెన్ ఓడ. 400 మీటర్ల పొడవు. ఎర్ర సముద్రం దాడులకీ దానికీ సంబంధం లేదు. పాత బొమ్మకి కొత్త గొంతు అతికించారు. మాట విన్నవాడు మోసపోయాడు, ఓడ మీద అక్షరాలు చదివినవాడు మోసపోలేదు.

రెండోది, ఓడలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూపించే సైట్లు ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. "దారి మొత్తం ఆగిపోయింది" అని వీడియోలో అంటే అది తెరిచి చూడండి. ఓడలు ఆఫ్రికా కింద నుంచి బారులు తీరి వెళ్తుంటే మీకే కనిపిస్తుంది. నాన్నగారికి ఇది బాగా నచ్చుతుందని నా నమ్మకం, పోర్టు మనిషి కదా.

పాత డాక్‌యార్డ్

మీ నాన్నగారి బాధ నాకు తెలుసు. నేను ఆయన కంటే రెండేళ్ళు చిన్నవాడిని, మేము కూడా ఆ శబ్దం విన్నాం.

పాపకి ఇలా చెప్పి చూడండి. ఘాజీ విషయంలో రెండు దేశాలూ ఒప్పుకున్నవి ముందు వేరే రాయమనండి. అది నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. మన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ కోసం వచ్చింది. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ దగ్గర మునిగింది. లోపలున్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. వీటిలో గొడవ లేదు. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు పంపేశారు, అది ఇక్కడే ఉందని శత్రువు అనుకునేలా రాజ్‌పుత్ నుంచి సంకేతాలు పంపారు. ఇది మనవాళ్ళు చెప్పిన కథలో గొప్ప భాగం, ఎలా మునిగింది అనేదానికంటే నాకు ఇదే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

ఎందుకు మునిగింది అన్న దగ్గర మాటలు వేరవుతాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల అని మన నేవీ చెప్పింది. ఘాజీ తనే నీళ్ళలో పెడుతున్న మందుపాతరల వల్లో, లోపలి పేలుడు వల్లో అయిందని పాకిస్తాన్ చెప్పింది. మీ నాన్నగారు పేలుడు విన్నారు. ఆయన సాక్షి, ఆ సాక్ష్యం ఏ వీడియోలోనూ లేదు. కానీ నీళ్ళ కింద ఏది ముందు పేలిందో ఒడ్డున పడుకున్నవాళ్ళకి, నాతో సహా, తెలిసే వీలు లేదు. ఈ ముక్క పిల్ల అంటే ఆయనకి కోపం వస్తుంది. ఆయన ఈడువాణ్ణి నేను అన్నానని చెప్పండి.

ఇంకో పని చేయండి. ఇద్దరినీ తీసుకుని పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర కాసేపు నిలబడి, అక్కడ మ్యూజియంగా పెట్టిన మన జలాంతర్గామి కురుసుర లోపలికి వెళ్ళండి. కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది. ఘాజీ అమెరికా నేవీలో డయాబ్లో అనే పేరుతో ఉండి, 1960లలో లీజు మీద పాకిస్తాన్‌కి వెళ్ళింది. ఒకటి ఇసుక మీద, ఒకటి ఆ ఎదురు నీళ్ళలో. ఎవరి జలాంతర్గామి ఎవరి దగ్గరకి ఎందుకొచ్చిందో తాతగారిని చెప్పమనండి. ఆయన వీడియోల్లో చూసిందంతా అక్కడ పనికొస్తుంది. లోపల దారులు చాలా ఇరుకు, ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి కాలు ఎత్తి, తల వంచి దూరాలి. అందులో ఎంతమంది ఎన్ని రోజులు ఉండేవాళ్ళో తలచుకుంటే, అవతలి దేశం వాళ్ళ మీద కూడా మనిషికి జాలి కలుగుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం ఆయన్ని బయటే కూర్చోబెట్టండి.

సీతమ్మధార నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. జరిగింది చెప్తాను.

ముందు 432. మా ఆవిడకి చెప్పకుండా పదిసార్లు వినిపించాం, అమ్మాయి లెక్క రాసింది. పదిలో నాలుగుసార్లు సరిగ్గా చెప్పింది. "అయితే నాకు నిద్ర పట్టేది ఆ వేణువు వల్లేమో" అని తనే అంది. పాటలు ఆపలేదు, ఆపమని నేనూ అనలేదు.

ఇక నాన్నగారు. పాత డాక్‌యార్డ్ గారి రిప్లై నేను చదివి వినిపించలేదు, ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివారు. "ఇతను ఎక్కడివాడు?" అని అడిగారు. తర్వాతి ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆయనే చొక్కా వేసుకుని తయారయ్యారు. కురుసుర అంత పొద్దున్నే తెరవరు కదా, స్మారకం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. అక్కడే మొదటిసారి ఆ రాత్రి గురించి మొత్తం చెప్పారు. వెలుతురు బయటికి పోకుండా కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించారట, మా నానమ్మ కిరసనాయిలు దీపం మంచం కింద పెట్టిందట. అర్ధరాత్రి దాటాక పేలుడు వినిపించి, గోడ బీరువాలో స్టీలు గ్లాసులు కాసేపు వణుకుతూనే ఉన్నాయట. మా నానమ్మ పిల్లలందరినీ దగ్గరకి లాక్కుని "ఏటీ కాదు, పడుకోండి" అందట. నలభై ఏళ్ళ పైబడి ఆయన దగ్గర పెరిగినవాణ్ణి, ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు.

మా అమ్మాయి నోటుబుక్‌లో మూడు వరుసలు గీసింది. రెండు దేశాలూ ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి, తాత విన్నది. మూడో వరుసకి తేదీ, ఇంటి వీధి పేరు, గ్లాసుల సంగతి కూడా ఆయన దగ్గర అడిగి రాసుకుంది. ఆయన తప్పులు దిద్దారు.

వచ్చే వారం మళ్ళీ ఆయన వంతే, సూయజ్ కాలువ పెడతానన్నారు. రొయ్యల డాక్యుమెంటేషన్ గారూ, ఓడలు కనిపించే సైట్లలో తెలుగువాళ్ళకి సులువుగా అర్థమయ్యేది ఏదో ఒకటి చెప్పగలరా? ఫోన్ చిన్నది, ఆయనకి టీవీలోనే చూపించాలి.